గుర్రప్పిల్లకు పాలు మాన్పించేటప్పుడు: కబ్ద్ తమ్ముడి ప్రశ్నకు జవాబు

పోయిన ఎపిసోడ్ చివర్లో కబ్ద్ నుంచి ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ వినిపించాం, గుర్తుందా? "అన్నా, మా జాఖూర్‌లో గుర్రానికి అయిదు నెలల పిల్ల ఉంది. వచ్చే నెల తల్లి దగ్గర్నుంచి యేరు చేయాలంటున్నాడు బాబా. మేం గొర్రెలు, ఆవులు చూసినోళ్లం గానీ గుర్రం సంగతి తెలీదు. ఏం జేయాల?" ఇదీ ఆయన ప్రశ్న.

ఆడియోలో పది నిమిషాల్లో గబగబా చెప్పేశాను. తర్వాత వఫ్రా నుంచి, అబ్దలీ నుంచి, మళ్లీ కబ్ద్ నుంచే ఇంకొందరు మెసేజ్‌లు పెట్టారు. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా పెట్టాం. ఇక్కడ అదే విషయం నిదానంగా, ఒక వరుసలో రాస్తున్నాను. ఫోన్‌లో దాచుకుని పని రోజున చూసుకోవచ్చు.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. ఐటీఐ ఫిట్టర్ చదివి, కువైట్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నవాణ్ణి. గుర్రాల గురించి నాకు తెలిసింది రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, కబ్ద్‌లో గుర్రాల షెడ్లు కట్టించడం. రెండోది, నేను చేసిన ఒక తప్పు. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

2022 ఆగస్టులో ఏం జరిగింది

కబ్ద్‌లో ఒక జాఖూర్‌కు మా వాళ్లం కొత్త షెడ్డు వేశాం. అక్కడ గుర్రాలు చూసుకునే తమ్ముడు మా రాయచోటి వైపు వాడు. ఆరు నెలల ఆడపిల్ల ఉన్న తల్లి గుర్రం ఒకటి ఉండేది. పిల్లను విడదీయడానికి ఒక గది కావాలన్నారు. నేను అడ్డంగా నాలుగు ఇనప పైపులు వెల్డింగ్ చేయించి ఇచ్చాను. పైపుకూ పైపుకూ మధ్య జానెడు పైన సందు వదిలాను. ఆవుల కొట్టానికైతే ఆ సందు చాలు. అదే లెక్క గుర్రానికీ వేశాను.

ఒక రోజు సాయంత్రం తల్లిని బండి ఎక్కించి వేరే జాఖూర్‌కు పంపేశారు. పిల్లను ఆ కొత్త గదిలో ఒంటరిగా పెట్టారు. అంతవరకు అది ఒక్క గంట కూడా తల్లిని వదిలి ఉన్నది కాదు. రాత్రంతా అరిచింది, తిరిగింది, గోడల్ని తన్నింది. తెల్లవారుజామున ముందరి కాలు పైపుల సందులో పడింది. లాక్కునే ప్రయత్నంలో మోకాలి కింద నుంచి చర్మం చీలిపోయింది. డాక్టర్ వచ్చి కుట్లు వేశాడు. ఆ తర్వాత వారం దాణా సరిగా ముట్టలేదు.

తప్పు ఆ తమ్ముడి మీదకు వచ్చింది. "రాత్రి నిద్రపోయి ఉంటావు" అన్నారు. వైద్యం ఖర్చు జీతంలో పట్టుకుంటామన్నారు. నేను రెండు రోజులు నోరు మెదపలేదు. ఆ పైపుల సందు నాదని నాకు తెలుసు. తర్వాతి కాంట్రాక్టు పోతుందేమోనని భయం. మూడో రోజు నిద్ర పట్టక, పొద్దున్నే పోయి యజమానికి చెప్పాను. "ఆ కమ్మీల కొలత నేను వేసింది, వాడిది తప్పు కాదు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే సరి చెయ్" అన్నాడు. తమ్ముడి జీతం జోలికి పోలేదు.

సరి చేయాలంటే తెలుసుకోవాలి కదా. అప్పటి నుంచి గుర్రాల డాక్టర్ వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి అడిగాను, చదివాను, మరుసటి ఏడాది అదే తల్లి ఈనిన మగపిల్ల దగ్గర దగ్గరుండి చూశాను.

అసలు తెలుసుకోవాల్సింది ఒక్కటే

పాలు మాన్పించడం అంటే మనం పాల గురించే ఆలోచిస్తాం. ఆరు నెలల గుర్రప్పిల్లకు పాలు పోవడం పెద్ద నష్టం కాదు. దానికి పోయేది తోడు. భయం, గాయాలు, తిండి మానడం, చెడ్డ అలవాట్లు అన్నీ అక్కడి నుంచే వస్తాయి. తిండి, తోడు, చోటు, మనిషి ఈ నాలుగూ ఒకే రోజు మార్చకూడదు. ఒకసారికి ఒకటే మార్చాలి. మిగతా వివరాలన్నీ దీని నుంచి వచ్చేవే.

మన ఊళ్లలో చంటిపిల్లలకు పాలు మాన్పించాలంటే వేపాకు నూరి పూస్తారు కదా. బిడ్డ పాలు వదిలేస్తాడు, కానీ రాత్రి అమ్మ పక్కనే పడుకుంటాడు. అక్కడ మారేది పాలు ఒక్కటే, తోడు అలాగే ఉంటుంది. మేం 2022లో చేసింది దీనికి పూర్తిగా తలకిందులు.

అరబీలో పాలు మాన్పించడాన్ని ఫితామ్ అంటారు. బిడ్డకైనా, ఒంటెపిల్లకైనా, గుర్రప్పిల్లకైనా అదే మాట. ఫాతిమా అనే పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. మీ బాబా "ఫితామ్" అన్నాడంటే ఈ పని గురించే అంటున్నాడు. తల్లి గుర్రం ఫరస్, మగపిల్ల ముహర్, ఆడపిల్ల ముహ్రా. అరబీ గుర్రాల్లో కుహైలాన్, సక్లావీ, ఉబయ్యాన్, హమ్దానీ, హద్బాన్ అని వంశాలున్నాయి. వంశం పేరు పిల్లకు తల్లి వైపు నుంచి వస్తుంది. అందుకే వీళ్లు ఆడగుర్రాన్ని అంత జాగ్రత్తగా చూస్తారు. పాత రోజుల్లో బెదూయిన్లు గుర్రప్పిల్లలకు ఒంటెపాలు పట్టేవారు. ఎడారిలో గడ్డి దొరకని చోట తల్లిపాలు తగ్గితే పిల్లను బతికించింది ఒంటెపాలే.

ఎప్పుడు విడదీయాలి, ఎందుకు

గుర్రం సుమారు పదకొండు నెలలు మోస్తుంది. ఈనిన కొద్ది గంటల్లో పిల్ల ముర్రుపాలు తాగాలి, అది ఆవు దూడకు ఎంత ముఖ్యమో దీనికీ అంతే. మొదటి రెండు నెలల్లో తల్లి రోజుకు తన బరువులో సుమారు 3 శాతం పాలు ఇస్తుంది. అంటే 400 కిలోల అరబీ గుర్రం 12 లీటర్ల దాకా ఇస్తుంది. మూడు నెలలు దాటాక పాలూ తగ్గుతాయి, పాలలో బలమూ తగ్గుతుంది. అప్పటికి పిల్ల గడ్డి, దాణా నమలడం నేర్చుకుని ఉంటుంది.

మామూలుగా 4 నుంచి 6 నెలల మధ్య విడదీస్తారు, ఎక్కువమంది ఆరో నెల దగ్గర ఆగుతారు. మనిషి జోక్యం లేకుండా మందగా బతికే గుర్రాల్లో తల్లి పిల్లను ఇంకా చాలా నెలలు తాగనిస్తుంది, మళ్లీ ఈనడానికి కొంచెం ముందు తనే దగ్గరికి రానివ్వదు. మనుషులు ముందుగా విడదీయడానికి కారణం తల్లి మళ్లీ చూలుతో ఉండటం. కడుపులో ఉన్నదాన్ని పెంచాలి, పక్కనున్నదానికి పాలివ్వాలి, రెండూ చేస్తే తల్లి చిక్కిపోతుంది.

కువైట్‌లో ఇంకో చిక్కుంది. పిల్లలు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ లోపల పుడతాయి. ఆరు నెలలు లెక్కపెడితే జులై, ఆగస్టు, సెప్టెంబర్ వస్తాయి. అప్పటి ఎండ మీకు చెప్పాల్సిన పని లేదు. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ కూడా ఆ లెక్కను ఒప్పుకుంది. అంత వేడిలో భయపడిన పిల్ల గదిలో పరుగులు తీస్తే, నీళ్లు తాగకపోతే, ప్రాణం మీదకు వస్తుంది. తల్లి ఒంట్లో కండ బాగుండి, చూలుతో లేకపోతే ఎండ తగ్గేదాకా ఆగవచ్చా అని డాక్టర్‌ని అడగమని మీ యజమానికి చెప్పండి. మా దగ్గర 2023లో తల్లిని మళ్లీ చూలు కట్టించలేదు. అందుకని ఆ మగపిల్లను ఎనిమిదో నెల దాకా తల్లి దగ్గరే ఉంచి అక్టోబర్‌లో విడదీశాం.

గుర్రం ఆవు కాదు

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. మనకు ఆవు, బర్రె తెలుసు. దూడను కట్టేసి పాలు పిండటం తెలుసు. ఆ అలవాటు గుర్రం దగ్గర పనికి రాదు.

ఒకటి, విడదీసిన తర్వాత తల్లి పొదుగు బిగుసుకుంటుంది. చూస్తే జాలేస్తుంది, పిండి తేలిక చేద్దామనిపిస్తుంది. పిండకూడదు. పిండితే "ఇంకా కావాలి" అని ఒళ్లు అనుకుని మళ్లీ పాలు చేస్తుంది. అలా వదిలేస్తేనే ఒత్తిడికి పాలు ఆగిపోతాయి. గుర్రానికి చన్నులు రెండే, పొదుగు కూడా చిన్నది, అందుకే బిగుసుకున్నది తొందరగా కనిపిస్తుంది.

రెండు, ఆవు నెమరు వేస్తుంది, దానికి నాలుగు అరల పొట్ట. గుర్రానికి ఒకే చిన్న పొట్ట, వాంతి చేసుకోలేదు. తిండి హఠాత్తుగా మారితే కడుపు శూల వస్తుంది. ఇక్కడ మగస్ అంటారు. గుర్రాన్ని చంపే జబ్బుల్లో అది ముందుంటుంది.

మూడు, గుర్రం పారిపోయి బతికే జీవం. భయం వేస్తే ఆలోచించదు, దూకుతుంది. లేగదూడ తాడుకు గుంజుకుని కాసేపటికి ఊరుకుంటుంది. గుర్రప్పిల్ల మెడ విరిగినా లాగుతుంది. కాబట్టి పాలు మాన్పించే రోజుల్లో దాన్ని కట్టేయకండి.

ముందు రెండు నెలలు: తిండి, తాడు, మనిషి

విడదీసే రోజుకు పిల్ల తనంతట తాను కడుపు నింపుకోవడం వచ్చి ఉండాలి. రెండు నెలల వయసు నుంచే దానికి విడిగా కొంచెం దాణా పెడతారు. తల్లి దూరలేని చిన్న సందు గుండా పిల్ల మాత్రం పోయి తినేట్టు ఒక మూల కడతారు. నెలకు అర కిలో చొప్పున లెక్క వేస్తారు, అంటే నాలుగు నెలల పిల్లకు రోజుకు రెండు కిలోల లోపు, అదీ రెండు మూడు పూటలుగా. అంతకు మించి బార్లీ కుమ్మరిస్తే తొందరగా పెరిగి కీళ్లు పాడవుతాయి. గడ్డి మాత్రం ఎప్పుడూ ముందు ఉండాలి. ఇక్కడ జత్ అని దొరికే లూసర్న్ గడ్డిలో పెరిగే పిల్లకు కావలసిన మాంసకృత్తులు, కాల్షియం బాగా ఉంటాయి.

విడదీసిన తర్వాత కూడా అదే దాణా, అదే గడ్డి, వీలైతే అదే తొట్టి వాడండి. కొత్త బస్తా ఆ వారంలో విప్పకండి.

తలకు తాడు వేసి నడిపించడం, కాళ్లు ఎత్తి గిట్టలు చూడటం, ఒంటి మీద చెయ్యి వేయడం ఇవన్నీ తల్లి పక్కన ఉండగానే నేర్పాలి. తల్లి నెమ్మదిగా ఉంటే పిల్ల నెమ్మదిగా ఉంటుంది. టీకాలు, నులిపురుగుల మందు, చిప్ వేయించడం లాంటివి రెండు మూడు వారాల ముందే అయిపోవాలి, లేదంటే తర్వాతకు వాయిదా వేయాలి. అదే వారం మాత్రం వద్దు.

చోటు: ఇది నా పని, గట్టిగా చెప్తాను

గుర్రప్పిల్ల గదికి కొలతలు చెప్పమంటే ఇవి చెప్తాను.

కింద నాలుగు అడుగులు పూర్తిగా మూసి ఉండాలి, సందు ఉండకూడదు. కాలు దూరే సందు ఉంటే కాలు దూరుతుంది. పైన కమ్మీలు నిలువుగా ఉండాలి, అడ్డంగా వద్దు. కమ్మీకీ కమ్మీకీ మధ్య రెండు అంగుళాలకు మించకూడదు. గిట్ట గానీ మూతి గానీ పట్టకూడదు. బయట దొడ్డికి మెష్ వేస్తే రెండు అంగుళాలు, నాలుగు అంగుళాల కన్ను ఉన్నది వేయండి, ఎత్తు అయిదు అడుగులకు తగ్గకుండా. ముళ్లతీగ గుర్రం ఉన్న చోట అసలు పనికి రాదు.

వెల్డింగ్ మొనలన్నీ గ్రైండర్‌తో రుద్దండి. గడియ బయట వైపు ఉండాలి, తలుపు సందులో నాలుక, కాలు చిక్కే చోటు ఉండకూడదు. పని అయ్యాక మీ అరచేతిని గోడ వెంట కింద నుంచి పైదాకా పోనివ్వండి. మీ చెయ్యి ఎక్కడ గీసుకుంటే పిల్ల ఒళ్లు అక్కడ చీలుతుంది.

నీళ్ల సంగతి. ఎండాకాలంలో మధ్యాహ్నం నల్లా తిప్పితే కాగిన నీళ్లు వస్తాయని మనకు తెలుసు. పైకప్పు మీద ట్యాంకు నుంచి నేరుగా తొట్టిలోకి వదిలితే పిల్ల మూతి పెట్టి వెనక్కి తీసుకుంటుంది. తాగలేదని మనకు రాత్రికి గానీ తెలియదు. తొట్టి నీడలో ఉండాలి, పిల్ల ఛాతీ ఎత్తులో ఉండాలి. పొద్దున్నే నింపి పెట్టుకోండి, ఎన్ని నీళ్లు తగ్గాయో గీత గీసి చూసుకోండి. తల్లితో ఉన్నప్పుడే ఆ తొట్టిలో తాగడం అలవాటు చేయండి.

రేకుల షెడ్డయితే పైన గాలి పోయే సందు వదలండి. మనకు జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని నిషేధం కదా. అదే లెక్క జీవానికీ పెట్టుకోండి. ఆ గంటల్లో విడదీయడం, నడిపించడం, బండి ఎక్కించడం ఏదీ వద్దు.

విడదీసే రోజు: మూడు దారులు

మొదటిది, ఒక్కసారిగా దూరం చేయడం. తల్లి కనపడదు, వినపడదు. రెండు మూడు రోజుల్లో గోల ముగుస్తుంది గనక చాలామంది ఇదే చేస్తారు. పిల్లకు తోడు ఉండి, గది గట్టిగా ఉంటే నడుస్తుంది. ఒంటరి పిల్లకు ఇది అన్నిటికన్నా కష్టమైన దారి.

రెండోది, కంచెకు అటు ఇటు ఉంచడం. తల్లి పక్క గదిలో ఉంటుంది. చూసుకోవచ్చు, మూతులు కలుపుకోవచ్చు, పాలు మాత్రం తాగలేదు. వారం తర్వాత తల్లిని రెండో వరుసకు, ఆ తర్వాత ఇంకా దూరానికి మారుస్తారు. కంచె గట్టిది కాకపోతే ఈ దారి ప్రమాదం.

మూడోది, నాలుగైదు తల్లులు, పిల్లలు కలిసి ఉన్న చోట చేసేది. పిల్లల్ని కదిలించరు. రెండు మూడు రోజులకు ఒక తల్లిని తీసుకెళ్తారు, ముందు పెద్దపిల్ల తల్లిని. మిగతా పిల్లలు, తల్లులు అక్కడే ఉంటారు గనక పిల్ల చోటు మారదు, మంద మారదు. స్థలం ఉన్న పెద్ద శాలలకు ఇది మంచి దారి.

ఏ దారయినా పిల్లను ఒంటరిగా పెట్టకండి. ఇంకో పిల్ల ఉంటే మేలు. లేకపోతే నెమ్మదైన ముసలి ఆడగుర్రం. అదీ లేకపోతే ముందే పరిచయం చేసిన మేక. కబ్ద్‌లో మేకలకేం కరువు?

2023లో మేం రెండో దారి పట్టాం. ముందు వారం రోజులు తల్లిని రోజూ సాయంత్రం కాసేపు బయట నడిపించి తెచ్చేవాళ్లం. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట, గంట. ఆ సమయంలో పిల్ల దగ్గర ఒక ముసలి గుర్రం ఉండేది. మా తమ్ముడు దాన్ని పెద్దమ్మ అని పిలిచేవాడు. తల్లి పోయినా మళ్లీ వస్తుందని పిల్లకు అర్థమైంది. అసలు విడదీసిన రోజున కూడా అది తన పాత గదిలోనే, పెద్దమ్మతోనే ఉంది. తల్లే పక్క గదికి పోయింది. పిల్ల ఆ రాత్రి అరిచింది, కానీ దూకలేదు. తెల్లారేసరికి పెద్దమ్మ పక్కన నిలబడి జత్ నములుతోంది. తమ్ముడు నాకు ఫోన్ చేసి "తింటాండాదన్నా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

తోడు, చోటు విషయంలో నా మాట ఒక్కటే చాలదనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్తాను. బ్రిటన్‌లో 225 గుర్రప్పిల్లల్ని నాలుగేళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. బయట దొడ్డిలో విడదీసిన వాటికన్నా శాలల్లో మూసి విడదీసిన వాటికి చెడ్డ అలవాట్లు ఎక్కువ వచ్చాయి. విడదీసిన తర్వాత దాణా తినిపించిన పిల్లల్లో కమ్మీ కొరికే అలవాటు నాలుగు రెట్లు వేగంగా మొదలైంది. కమ్మీని పళ్లతో పట్టుకుని గాలి మింగే గుర్రాన్ని మీరు చూసే ఉంటారు. ఆ అలవాటు పడితే వదలదు. అందుకే గడ్డి ఎక్కువ, దాణా కొలతగా, రోజూ చల్లపూట దొడ్డిలో తిరగనివ్వడం అంటున్నాను.

తర్వాత రెండు వారాలు

తల్లికి: విడదీయడానికి వారం ముందు నుంచి దాణా తగ్గించి, విడదీశాక పూర్తిగా ఆపి ఎండుగడ్డి మీద ఉంచుతారు. నీళ్లు మాత్రం తగ్గించకండి. "నీళ్లు తగ్గిస్తే పాలు తగ్గుతాయి" అని ఎవరైనా చెప్తే వినొద్దు, ఈ ఎండలో అది చంపుతుంది. సాయంత్రం నడిపించండి. పొదుగు మూడు నాలుగు రోజులు బిగువుగా ఉండి మెత్తబడుతుంది, రెండు వారాలకు ఎండుతుంది. ఒక వైపే వాచి, వేడిగా ఉండి, ముట్టుకుంటే తన్ని, తిండి మానితే అది పొదుగువాపు. డాక్టర్ కావాలి.

పిల్లకు: అరవడం, తిరగడం రెండు మూడు రోజులు మామూలే. ఒక పూట తక్కువ తిన్నా కంగారు పడకండి. కానీ రోజంతా ఏమీ తినకపోతే, నీళ్లు తాగకపోతే, పొర్లుతూ పొట్ట వైపు తిరిగి చూస్తుంటే, పారుకుంటే, ముక్కు కారితే, జ్వరం 39 డిగ్రీలు దాటితే ఆలస్యం చేయకండి.

ఇంకో మాట. మూడో రోజు జాలి పడి తల్లి దగ్గర వదలకండి. ఒక్కసారి తాగితే తల్లికి పాలు మళ్లీ దిగుతాయి, పిల్లకు బాధ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నిదానం అంతా ముందు చూపించాలి. విడదీశాక గట్టిగా ఉండాలి.

మగపిల్లల్ని, ఆడపిల్లల్ని ఏడాది నిండకముందే వేరు దొడ్లలో పెట్టాలి. అది మర్చిపోతే తర్వాత తలనొప్పి మీకే.

మీ ఒళ్లు, మీ జీతం

తల్లికీ పిల్లకూ మధ్య ఎప్పుడూ నిలబడకండి. ఎంత సాధువైన గుర్రమైనా ఆ రోజు తంతుంది. తాడు చేతికి చుట్టుకోకండి, మడతలుగా పట్టుకోండి. ఒక్కరే చేయకండి, ఇద్దరు మనుషులు కావాలి. చెప్పులతో వద్దు, సైట్‌లో వేసుకునే సేఫ్టీ షూ వేసుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 112కు ఫోన్ చేయండి.

విడదీసే ముందు గది, కమ్మీలు, నీళ్ల తొట్టి ఫోటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. "ఈ సందు పెద్దగా ఉంది, సరి చేయించాలి" అని వాయిస్ పెట్టండి. ఎండలో వద్దని మీకు అనిపిస్తే అదీ మర్యాదగా చెప్పండి. చెప్పినట్టు రుజువు ఉంటే రేపు మీ మీదకు రాదు. ఖల్లి వల్లి అని వదిలేయకండి. 2022లో మా తమ్ముడి దగ్గర అలాంటి ఒక్క ఫోటో ఉన్నా, నేను నోరు తెరిచేదాకా వాడు రెండు రోజులు దోషిలా నిలబడాల్సిన పని ఉండేది కాదు.

చివరగా మన సంగతి

నేను మొదటిసారి కువైట్ వచ్చేటప్పుడు మా పాపకు పదకొండు నెలలు. రాత్రి రెండు గంటలకు చెన్నై బస్సు. లేపితే ఏడుస్తుందని లేపకుండా వచ్చేశాను. అదే మంచిదని అందరూ అన్నారు. రెండు వారాలు ఎవరి మోటార్ సైకిల్ చప్పుడు విన్నా గడప దగ్గరికి పాకేదని మా ఆవిడ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

మనుషులు, గుర్రాలు ఒకటి కాదు. కానీ ఈ పోలిక నాకు కబ్ద్‌లోనే తట్టింది. మన వినేవాళ్లలో చంటిబిడ్డల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇక్కడ ఇళ్లలో పని చేసే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. సెలవుకు పోయినప్పుడు చివరి రోజు దాకా బిడ్డను ఒళ్లోనే ఉంచుకుని, ఒక్క రాత్రిలో మాయమవుతాం. అలా కాకుండా చివరి రెండు వారాలు బిడ్డ అమ్మమ్మ చేత్తో తినడం, అమ్మమ్మ పక్కన పడుకోవడం మొదలుపెడితే మేలు. బిడ్డ ఉండే ఇల్లు, పక్క, దుప్పటి మార్చకండి. కాసేపు బయటికి పోయి మళ్లీ రండి. పోయే రోజు చెప్పి పోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, కానీ వెతుక్కునేట్టు చేయకండి.

కబ్ద్ తమ్ముడూ, నీకు ఇంకా నెల ఉంది. ముందు ఆ కమ్మీల సందు కొలిచి ఫోటో పంపు. మిగతాది ఫోన్‌లో మాట్లాడుకుందాం.